మాణిక్యం సిస్టర్ నన్ను ‘మీరు’ అంది

శ్రావణ శుద్ధ విదియ

యంత్రం చెప్పినదాని మీద వైద్యురాలికి అనుమానం కలిగితే, ఆ అనుమానాన్ని సొంత చేత్తో, కాగితం మీద, తిథితో సహా రాసి ఉంచాలని సముద్రం మీద తేలే మా తెప్పల ఊరి నియమం. అందుకని ఇచ్చిన ఈ పుస్తకం మూడేళ్లుగా సొరుగులో ఖాళీగా పడి ఉంది. ఇవాళ తెరిచాను. అనుమానం యంత్రం మీదో నా మీదో తేల్చుకోకుండానే తెరిచాను.

పొద్దున్నే వైద్యశాల నాలుగు మూలలా మోకులు తడిమి చూసి, వాన తొట్టిలో నీళ్లు వడగట్టి తలుపు తీసేసరికి తొమ్మిది మంది కూర్చుని ఉన్నారు. మోకాళ్లు, బీపీ, ఉప్పుగాలికి పగిలిన చర్మం. వాళ్లలో డెబ్బై దాటినవాళ్లు నలుగురు. డెబ్బై దాటినవాళ్లు ఏ జబ్బుతో వచ్చినా ముందు తడిక వెనక్కి వెళ్లి బుల్లెమ్మాయితో ఆరు నిమిషాలు కబుర్లు చెప్పాలి. దాని అసలు పేరు చాంతాడంత ఉంటుంది. బుల్లెమ్మాయి అన్నది ఊరు పెట్టిన పేరు. బియ్యం డబ్బా అంత పెట్టె, లోపల పాతికేళ్ల అమ్మాయి గొంతు. మాట మధ్యలో ఎంతసేపు ఆగారు, ఏ పేరు కోసం తడుముకున్నారు, చెప్పిందే ఎన్నిసార్లు చెప్పారు, అన్నీ లెక్క కట్టి ముప్ఫైకి ఒక అంకె ఇస్తుంది. ఇరవై నాలుగు దాటితే మతి కుదురుగా ఉన్నట్టు. వాళ్లేం మాట్లాడుకున్నారో నాకు తెలియదు, అది రోగి గుట్టు. నాకు అంకె వస్తుంది. నవ్వులు వినపడతాయి.

ఆ గొంతు మొదటిరోజు నుంచీ నాకు నచ్చలేదు. కాస్త ముక్కుతో మాట్లాడుతుంది. ప్రతి మాట చివరా మెచ్చుకోమన్నట్టు సాగదీస్తుంది.

మూడో మనిషి మాణిక్యం సిస్టర్. డెబ్బై నాలుగేళ్లు. ఈ వైద్యశాలలో ముప్ఫై ఏళ్లు నర్సుగా చేసింది. ఇరవై రెండేళ్ల కిందట నేను పట్టా పట్టుకుని ఒడ్డు నుంచి ఈ తెప్ప మీద దిగినప్పుడు మూడడుగులు వేసి పడబోయాను, ఆ తర్వాత వాంతి చేసుకున్నాను. ఆవిడ నా తల పట్టుకుని, “ఒసే తూలుడుపిల్లా, నీది నేల మీద చదువే. ముందు నిలబడ్డం నేర్చుకో,” అంది. అప్పటినుంచీ రోగుల ముందు ‘డాక్టరుగారండి’, తలుపు వేశాక ‘ఒసే’. ఆ ‘ఒసే’ కోసం నేను మధ్యాహ్నం దాకా ఎదురుచూసిన రోజులున్నాయి.

ఇవాళ తడిక వెనక ఆరు నిమిషాల కబుర్లు పది నిమిషాలు సాగాయి. నవ్వే నవ్వు. ఆవిడ కళ్లు తుడుచుకుంటూ బయటికొచ్చి నా ఎదురుగా కూర్చుంది. తలుపు వేసి, “ఎలా ఉన్నారు సిస్టర్?” అన్నాను.

“మీ దయవల్ల బాగున్నానండి డాక్టరుగారూ. మీరు కులాసానా?”

గదిలో మేమిద్దరమే.

అంకె ఇరవై ఎనిమిది. ఒంటరి చీటీకి ఇక నా సంతకమొక్కటే తరువాయి. వయసు మళ్లినవాళ్లు సొంత తెప్ప మీద ఒక్కరే ఉండాలంటే ఆర్నెల్లకోసారి తీసుకునే చీటీ అది. ఆవిడది ద్వాదశితో ముగుస్తుంది. ఇరవై ఎనిమిది వచ్చిన మనిషికి సంతకం పెట్టడానికి నా చెయ్యి ఎందుకు ఆగింది? ఆవిడ మతి బాగాలేదనా, ఆ నవ్వు నాది కాదనా?

శుద్ధ పంచమి

మోకాలికి మందు ఇచ్చే నెపంతో ఆవిడ తెప్పకి వెళ్లాను. దొరబాబు పడవ వేశాడు. యాభై దాటిన మనిషి. మా వైద్యశాలకి కట్లు కట్టేదీ, పడవ నడిపేదీ, ఊరి కబుర్లు మోసేదీ అతనే.

ఇల్లు అద్దంలా ఉంది. మూల మోకు చూశాను. ముడి ఆవిడ ముడే, రెండు చుట్లు, ఒక మెలిక. ఎవరైనా మతి జారిన మనిషి అనగలరా?

టీ ఇచ్చింది. చక్కటి టీ. కాని గాజు గ్లాసులో, పళ్లెం మీద పెట్టి ఇచ్చింది. ఆ ఇంట్లో నాకు అంచు నొక్కుకుపోయిన ఓ స్టీలు గ్లాసు ఉంది. ఇరవై రెండేళ్లుగా నా టీ అందులోనే. అది మేకుకి వేలాడుతూ నాకు కనిపిస్తూనే ఉంది.

“మీరు కూచోండి సిస్టర్.”

“పర్లేదండి. మీరు తాగండి. మీలాంటివాళ్లు మా ఇంటికి రావడమే గొప్ప.”

మీలాంటివాళ్లు! గ్లాసు పళ్లెంలో పెట్టేశాను. ఆవిడ తన కోపం ఇలా చెబుతోందనుకున్నాను. కోపానికి కారణం ఉంది. మూడేళ్ల కిందటి దాకా ముసలివాళ్ల మతి చూసే పని ఆవిడది. తారీఖు అడిగేది కాదు, ఊరి పేరు అడిగేది కాదు. “నిన్న ఏం కూర వండావు? ఎలా వండావు?” అనేది. ముందు ఏది వేశారో, తర్వాత ఏది వేశారో వింటూ, చెప్పేవాళ్ల చేతుల వంక చూసేది. చింతపులుసు పోశాక ముక్కలు తరిగానన్న మనిషిని ఆవిడ రెండు నిమిషాల్లో పట్టేసేది. బుల్లెమ్మాయి వచ్చాక ఆ పనికి నర్సు అక్కర్లేదన్న కాగితం మీద నేను సంతకం పెట్టాను. ఆవిడ ఆ మాట ఒక్కనాడూ ఎత్తలేదు. ఇదిగో, ఇప్పుడు గాజు గ్లాసుతో ఎత్తింది.

తిరిగొస్తుంటే దొరబాబు, “ఏంటండి బాబూ, మొహం అలా పెట్టారు? టీలో పంచదార తక్కువైందాండి?” అన్నాడు.

“మర్యాద ఎక్కువైంది.”

“ఆయ్, మర్యాదెక్కువైతే బాధేంటండి! మా ఇంటిదాన్ని ఓ పూట మీ దగ్గరికి పంపుతానండి, ఆ బాధ లేకుండా చూత్తది.”

శుద్ధ నవమి

చెయ్యకూడని పని చేశాను. రాయడానికి సిగ్గుగా ఉన్నా రాస్తున్నాను.

మాణిక్యం సిస్టర్ పిలవకుండానే వచ్చింది. నాకు నమస్కారం పెట్టి, నా ముందు నుంచే నడిచి తడిక వెనక్కి వెళ్లిపోయింది. ఆవిడ వచ్చింది నా కోసం కాదు. నేను దూది సీసా సర్దే వంకతో తడిక పక్కన నిలబడ్డాను.

“తిన్నావా?” అంటోంది ఆవిడ, పెట్టెతో. “మొహం చూపించవేంటే? సిగ్గా?”

“నాకు మొహం లేదండి మాణిక్యంగారూ,” అంది ఆ గొంతు, మామూలుగానే సాగదీస్తూ.

“అబ్బో, మాటలు! మొహం లేదట మొహం. వాంతులు తగ్గాయా?”

“నాకు వాంతులు రావండి.”

“అబద్ధాలకోరు! నిన్నేగా పడవ అంచు పట్టుకుని కక్కావు. ఒసే తూలుడుపిల్లా, నా దగ్గరా నీ దొంగ మాటలు?”

దూది సీసా చేతిలోంచి జారింది. పగల్లేదు.

ఆ పేరు నాది. నా కళ్లు తిరిగి, నా కడుపు తిప్పి, నేను సంపాదించుకున్న పేరు. దాన్ని తీసుకెళ్లి ఓ పెట్టెకి పెట్టింది. నా కథ కూడా దానికే అంటగట్టి నవ్వుతోంది. నాకు వినపడాలనే అంటోందా? పని తీసేసినదానికి ఇది జవాబా? పని లాక్కున్న పెట్టెని ముద్దు చేసి, సంతకం పెట్టిన నన్ను ‘మీరు’ అంటుందా?

అంకె ఇరవై తొమ్మిది. ఒకటి పెరిగింది కూడా.

దొరబాబు సీసా తీసి ఇస్తూ నన్ను ఎగాదిగా చూశాడు. “పెట్టెతో పోటీ ఏంటండి డాక్టరుగారూ. అది జీతం అడగదు, అన్నం అడగదు. మీరు గెలవలేరండి.”

నవ్వాను. లోపల మండింది. నలభై ఏడేళ్ల దాన్ని, రోజుకి యాభై మందిని చూసేదాన్ని, ఒక పాతికేళ్ల గొంతుని చూసి ఏడుస్తున్నాను. దాని తీగ ఊడితే బాగుండునని ఒక్క క్షణం అనుకున్నాను. అరక్షణం కాదు, నిండా ఒక క్షణం. నిజం రాయాలిగా.

శుద్ధ ద్వాదశి

సంతకం పెట్టాను.

ఎలా పెట్టానో వివరంగా రాయాలి. పొద్దున ఆవిడని పిలిపించాను. యంత్రాన్ని పక్కన పెట్టి, ఆవిడ నేర్పిన ప్రశ్న ఆవిడనే అడుగుదామనుకున్నాను. బీపీ పట్టీ కడుతూ, “నిన్న ఏం కూర సిస్టర్?” అన్నాను.

ఆవిడ నా వంక చూసింది. చిన్నగా నవ్వింది. “మీకు తెలియనిదేముందండి. అన్నీ వండుతాం.”

చెంప మీద కొట్టినట్టయింది. నా పాఠమే నాకు అప్పజెబుతున్నావా అన్నట్టు వినిపించింది. మళ్లీ అడగడానికి మొహం చెల్లలేదు.

“ఎలా వండారు?” అని ఇంకొక్క మాట అడిగి ఉంటే?

అడగలేదు. దాని బదులు నన్ను నేను విచారించుకుంటూ కూర్చున్నాను. ఈ మనిషికి రెండుసార్లు పరీక్ష జరిగింది. ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది. ఇల్లు శుభ్రం. ముడి సరైన ముడి. టీ మంచి టీ. ఆవిడకి జబ్బు ఉందనడానికి నా దగ్గరున్నదల్లా నన్ను ‘నువ్వు’ అనడం మానేసిందన్న దుగ్ధ. దాంతో ఒక మనిషిని సొంత ఇంట్లోంచి కదిలిస్తానా? యంత్రం తప్పు కావాలని నాకు ఎంత ఆశగా ఉందో నాకే తెలుసు. అంత ఆశ ఉన్న మనిషి తీర్పు చెప్పకూడదు. న్యాయంగా ఉండాలనే పెట్టాను.

చీటీ రెండు చేతులా అందుకుని, “చల్లగా ఉండండి,” అంది. అండి!

పౌర్ణమి

ఇంకా తడి బట్టలతోనే రాస్తున్నాను. అక్షరాలు అలుక్కుపోయి ఉంటే క్షమించాలి, ఎవరు చదివినా.

పౌర్ణమికీ అమావాస్యకీ నీళ్లు లేస్తాయి కాబట్టి ముందురోజే మోకులు రెండు బారలు వదలాలి. తెప్ప మీద పుట్టిన ఆరేళ్ల పిల్లకి కూడా తెలిసిన పని అది. మాణిక్యం సిస్టర్ మోకులు వదల్లేదు. ఇంకా బిగించింది. అదే ముడి, రెండు చుట్లు, ఒక మెలిక, ముచ్చటైన ముడి. ఏ రోజు వెయ్యాలో, ఏ రోజు విప్పాలో మాత్రం గుర్తు లేదు. పొద్దుటి పోటుకి నీళ్లు లేచాయి, తెప్ప లేవలేదు. ఓ మూల కిందకి లాక్కుపోయి వంటింట్లోకి సముద్రం వచ్చేసింది.

దొరబాబూ నేనూ వెళ్లేసరికి ఆవిడ నడుముల్లోతు నీళ్లలో నిలబడి ఉంది, నెత్తి మీద టీకాల పెట్టె పట్టుకుని. ఆ పెట్టె ఖాళీ అయి ఎన్నేళ్లయిందో.

“దొరబాబూ, నన్ను తర్వాత, ముందు సూదులు అందుకో. తడిస్తే పనికిరావు. ఐదో తెప్ప మీద బాలింతలు కూచునుంటారు.”

దొరబాబు కత్తితో మోకు కోశాడు. తెప్ప ఒక్క ఊపున లేచింది. నేను ఊపుకి తూలి ఆవిడ మీద పడ్డాను. ఆవిడ ఒక చేత్తో పెట్టె, ఒక చేత్తో నా భుజం పట్టుకుని నిలబెట్టింది.

“జాగ్రత్తండి. అలవాటు లేనట్టుంది మీకు.”

“సిస్టర్! నేనండీ! నన్ను చూడండి!”

ఆవిడ తల పక్కకి వంచి విన్నది. చూడలేదు, విన్నది. “మీ గొంతు అచ్చం మా తూలుడుపిల్ల గొంతులా ఉందండి. కాస్త ముదిరిందంతే. మీరు తనకేమవుతారు? పిన్నిగారా?”

పడవలో ఆవిడకి దుప్పటి కప్పి కూర్చోబెట్టాక, నేను దొరబాబు వంక తిరిగాను. అతను తెడ్డు వేస్తూ నా మొహం చూడకుండా అన్నాడు.

“పెట్టెలో గొంతండి… అది మీదే కదండీ.”

“ఏంటీ?”

“కొత్తలో మీరు మైకులో పాఠాలు చదివేవారు కదండీ. నీళ్లు మరిగించి తాగండి, పసిపిల్లలకి టీకాలు వేయించండి అని. అయ్యే తీసుకెళ్లి పెట్టెకి గొంతు చేసేరండి. ఊరందరికీ తెలుసండి. మీకు తెలీకపోవడమేంటండి! మీరు గొప్పకి చెప్పుకోరనుకున్నాం.”

ఎవరి గొంతు వాళ్లకి బయటినుంచి విన్నప్పుడు పరాయిగా ఉంటుందని నేను చదువుకున్నాను. పరీక్షలో రాశాను కూడా.

బహుళ విదియ

నియమం ప్రకారం వివాదం నమోదు చేసి, తడిక వెనక మాటల ప్రతులు తెప్పించి చదివాను. పదకొండు సార్లు వచ్చింది ఆవిడ. పదకొండు సార్లూ ఇరవై రెండేళ్ల కిందటి కబుర్లే. ఎక్కడా ఆగలేదు, ఏ పేరు కోసమూ తడుముకోలేదు. ఆ రోజులు ఆవిడకి నిన్నటికన్నా దగ్గర. బుల్లెమ్మాయి మాటల ధార చూసింది, అది ఏ ఏటి ధారో చూడలేదు. నాతో అన్న ‘మీరు’లన్నీ వింటే వాటికీ మార్కులే వేసి ఉండేది.

దానికి తెలియకపోవచ్చు. నాకు తెలియాలి. నాకు నేర్పారు.

నేను వచ్చిన మొదటి వర్షాకాలం. వల అల్లే సూరన్నగారని ఓ పెద్దాయన. ఏమడిగినా, “అంతా మీ చలవేనండి,” అని దణ్ణం పెట్టేవాడు. ఎంత సంస్కారమో అన్నాను నేను. మాణిక్యం సిస్టర్ తలుపు వేసి, “ఒసే, ఆయన రెండేళ్ల కిందటి దాకా నన్ను బూతు లేకుండా పిలిచేవాడు కాదే. ఇవాళ నేనెవరో తెలియక మర్యాద అడ్డం పెట్టుకుంటున్నాడు. ఎదుటి మనిషి పెద్దో చిన్నో, అయినవాళ్లో కానివాళ్లో తేలనప్పుడు ‘మీరు’ అనేస్తే ఎవరితోనూ మాట రాదు కదా. బాగా ఎరిగున్నవాళ్లు నిన్ను మీరు అన్నారంటే, అలిగారా అని ఒకసారి చూడు. అలక కాకపోతే మతి చూడు,” అంది.

నేను అలక దగ్గరే ఆగిపోయాను. పదమూడు రోజులు.

బహుళ పంచమి

ఇవాళ మాణిక్యం సిస్టర్‌ని పూర్తిగా పరీక్ష చేశాను. కాగితం మీద, నా చేత్తో.

ముందు నా కుర్చీలో కూర్చునే ప్రయత్నించాను. “మీ దయండి, మీకు తెలియనిదేముందండి,” తప్ప ఏమీ రాలేదు. అప్పుడు ఆవిడని తడిక దగ్గర కూర్చోబెట్టమని దొరబాబుకి చెప్పి, నేను వెనక్కి వెళ్లి బుల్లెమ్మాయి తీగ పీకేశాను. ఈసారి అసూయతో కాదు. పెట్టెని పక్కకి జరిపి ఆ చోట పీట మీద కూర్చున్నాను.

“సిస్టర్,” అన్నాను.

“ఒసే! ఎక్కడ చచ్చావే నాలుగు రోజులు?”

కాసేపు మాట రాలేదు నాకు. బుల్లెమ్మాయి అయితే ఈ ఆగడానికి నాకు మార్కులు తగ్గించేది.

“గొంతు బొంగురుపోయిందేం?”

“జలుబండి.”

“తల తుడుచుకోమంటే వింటేగా.”

“సిస్టర్, నిన్న ఏం కూర?”

తడికకి అటువైపు ఆవిడ దగ్గరికి జరిగిన చప్పుడైంది. తర్వాత గొంతు తగ్గించి అంది, “నీకు చెబితే ఎవరితోనూ అనవు కదా?”

“అనను.”

“తెలియట్లేదే. పొయ్యి ముందు నిలబడతాను. చేతిలో వంకాయ ఉంటుంది. ముందు దాన్ని కొయ్యాలో, నూనె పెట్టాలో… అలా నిలబడతాను. ఎవరైనా అడిగితే అన్నీ వండుతామండి అంటాను. నవ్వి ఊరుకుంటారు. ఎవరూ ఇంకో మాట అడగరే.”

“నేను అడుగుతున్నానుగా.”

“నువ్వైతే పట్టేస్తావు. నేను నేర్పినదానివి.”

ఒక్కొక్కటే అడిగాను. ఒక్కొక్కటే చెప్పింది, తెలియనివి తెలియవని చెప్పింది. ముప్ఫైకి పదమూడు. ఒంటరి చీటీ రద్దు చేస్తూ, ద్వాదశి నాటి సంతకం నా తప్పని కింద రాసి, దాని కింద మళ్లీ సంతకం పెట్టాను. బుల్లెమ్మాయిని చేసినవాళ్లకి ఉత్తరం రాశాను, ఎవరు ఎవరిని ఎప్పటినుంచి ‘మీరు’ అంటున్నారో కూడా వినడం నేర్పమని.

“సిస్టర్, ఆ చివరి తెప్ప మీద ఇక ఒక్కరే వద్దు. వైద్యశాల పక్క గదికి వచ్చేయండి.”

“నువ్వుంటావా?”

“ఉంటాను. నొక్కుల గ్లాసు కూడా తెచ్చుకుందాం.”

“అది నీదేగా. ఎవరికీ ఇవ్వలేదే. మొన్నొకావిడ వచ్చి దాని వంకే చూసింది. నేను గాజు గ్లాసులో ఇచ్చాను.”

అడగకూడదనుకుంటూనే అడిగాను. “ఎవరావిడ?”

“అదే, బయట కుర్చీలో కూచుంటుంది, పెద్ద డాక్టరమ్మ. పేరు అడక్కు. మంచి మనిషే పాపం. కాని ఒసే, నువ్వు కాస్త జాగ్రత్త. ఆవిడకి నువ్వంటే కుళ్లు. నేను నీతో నవ్వినప్పుడల్లా మొహం మాడ్చుకుంటుంది, నేను చూడట్లేదనుకుని.”

“అవునా సిస్టర్?”

“ఆఁ. అయినా పోనీలే. తనతో నవ్వేవాళ్లు ఎవరూ లేరేమో. నీకు తీరికున్నప్పుడు వెళ్లి ఓసారి పలకరించవే.”